మెర్వ్ గెలిచిన మాంసం

శుక్రవారం పొద్దున గ్లెనిస్ హోటల్ గదిలో కూర్చుని, పాత కవరు వెనక ఆ రోజు చేయవలసిన పనులు రాసుకుంది. పదింటికి రేవు పక్కన పాత జైలు. పదకొండింటికి సంత. పన్నెండున్నరకు జెట్టీ మీద వేయించిన చేపలు. రెండింటికి ఓడ. ఓడెక్కే గేటు మూడింటికి మూసేస్తారు. మూడు అంకె కింద రెండు గీతలు గీసింది. కాసేపు చూసి మూడో గీత కూడా గీసింది.

ఆ గీతల వెనక ముప్పై నాలుగేళ్ళున్నాయి. పెళ్ళయిన కొత్తలో భర్త మెర్వ్ ఆమెను ఓడెక్కిస్తానన్నాడు. ఆ ఏడు వానలు పడలేదు. మరుసటేడు ఉన్ని కత్తిరించే కొట్టం కాలిపోయింది. తర్వాత అత్తగారి తుంటి విరిగింది. ఒకసారి అన్నీ కుదిరాక కుక్క ఈనింది, బాలింతను వదిలి ఎలా వెళ్తామన్నాడు మెర్వ్. పశ్చిమ ఆస్ట్రేలియా లోపల, నరంబీన్ దగ్గర గోధుమ పొలాల మధ్య ఆమె చూసిన సముద్రం చాలావరకు వంటింటి క్యాలెండరులోదే. ఇప్పుడు ఫ్రీమాంటిల్ రేవులో ఆ తెల్లటి ఓడ కిటికీలోంచి కనబడుతోంది. సింగపూరు దాకా పదకొండు రోజులు.

సూట్‌కేసులు తొమ్మిదింటికే హోటల్ బండిలో ఓడకు వెళ్ళిపోయాయి. పాస్‌పోర్టులు, టిక్కెట్లు ఉన్న నీలం పర్సు మాత్రం ఆమె చేతిసంచిలో ఉంది. పోగొట్టుకోకుండా దానికి ఎర్ర రిబ్బను కట్టుకుంది. అయితే చేతిసంచి జిప్పు నిన్న సగంలో ఇరుక్కుపోయింది. అప్పటినుంచి ప్రతి దీపస్తంభం దగ్గరా ఆగి సంచిని పైనుంచి తడిమి చూసుకుంటోంది.

"అలా తడమకు గ్లెనీ," అన్నాడు మెర్వ్. "పర్సు ఎక్కడుందో దొంగలు వెతుక్కునే పని కూడా లేకుండా చేస్తున్నావు."

జైలు చూడటం అనుకున్న వేళకే అయిపోయింది. సంత కూడా అంతే. ఏ ఇబ్బందీ రాకపోవడం గ్లెనిస్‌కు ఏమీ బాగా అనిపించలేదు. మెర్వ్‌తో బయటికి వచ్చినప్పుడు ఇంతసేపు ఏమీ జరగకుండా ఉండటం ఆమె ఎరగదు.

పన్నెండింటికి మెర్వ్‌కు దాహం వేసింది. సందు చివర పచ్చిక మీద బంతులు దొర్లించే ముసలివాళ్ళ క్లబ్బు ఒకటి ఉంది. ఒక్క గ్లాసు బీరు, పది నిమిషాలు అన్నాడు. లోపల బెరిల్ అనే ఎనభై ఏళ్ళావిడ క్లబ్బు కప్పు బాగుచేయించడానికి లాటరీ టిక్కెట్లు అమ్ముతోంది. అలాంటిచోట గ్లాసు పట్టుకుని టిక్కెట్టు కొనకపోతే మర్యాద కాదు. మెర్వ్ కొన్నాడు. వాళ్ళ ఊరి క్లబ్బులో నలభై ఏళ్ళుగా ప్రతి శుక్రవారం కొంటూనే ఉన్నాడు. ఒక్కసారైనా తగల్లేదు.

ఇప్పుడు తగిలింది. మొదటి బహుమతి, మాంసం పళ్ళెం. రెండు గొర్రె తొడలు, రెండు డజన్ల పక్కటెముకల ముక్కలు, మూరల కొద్దీ సాసేజిలు, మొత్తం ఏడు కిలోలు. ఇంటి దగ్గర తొమ్మిది వందల గొర్రెలున్న మనిషి లేచి నిలబడి, టోపీ తీసి, అందరికీ దండం పెట్టినంత పని చేశాడు. కళ్ళు తడిశాయి కూడా.

ఓడలోకి పచ్చి మాంసం రానివ్వరని గ్లెనిస్ గొంతు తగ్గించి గుర్తుచేసింది. ఇంకోసారి టిక్కెట్టు తీయమని చెబితే సరిపోతుంది కదా అంది. మెర్వ్ ఆమెను తెలియనివాళ్ళను చూసినట్టు చూశాడు.

"నలభై ఏళ్ళకి గెలిచాను. వద్దని ఎలా అంటాను? ఆ పెద్దావిడ ఏమనుకుంటుంది?"

బెరిల్ అప్పటికే మాంసమంతా తగరపు రేకు అతికించిన సంచిలో సర్ది, మీద ఐసు ముక్కలు పోసి, మూత పట్టనంతగా నింపి తెచ్చింది. "నీ మొహం చూస్తేనే తెలిసింది నాయనా, నీకే తగులుతుందని," అంది. ఇక వద్దనడం గ్లెనిస్ వల్ల కూడా కాలేదు.

ఎవరికైనా ఇచ్చేద్దాం, అరగంట పని అన్నాడు మెర్వ్. గ్లెనిస్ కవరు తీసి, చేపలు అని రాసుకున్న చోట కొట్టేసింది.

మొదట చర్చి వంటశాలకు వెళ్ళారు. రోజూ లేనివాళ్ళకు అన్నం పెట్టే చోటు అది. మాంసం తీసుకుంటాం కానీ ఎక్కడ కోశారు, ఎప్పుడు ఐసులోంచి తీశారు, ఇవన్నీ కాగితం మీద రాసివ్వాలన్నారు. మెర్వ్ దస్తూరీ మెర్వ్‌కే అర్థంకాదు కాబట్టి గ్లెనిస్ లోపలికి వెళ్ళింది. మెర్వ్ రెండు సంచులూ పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. రెండు పేజీలు నింపాక, గొర్రె ఏ రోజున చచ్చిందో తెలియకపోతే తీసుకోవడం కుదరదని తేల్చారు. బయటికొచ్చి ఆమె చేతిసంచిని పైనుంచి తడిమింది. గట్టిగా తగిలింది. గుండె కుదుటపడింది.

తర్వాత పార్కులో దేశం తిరుగుతున్న ముగ్గురు కుర్రాళ్ళు రొట్టె తింటూ కనబడ్డారు. మెర్వ్ మాంసం ఇస్తానన్నాడు. ఊరికే ఎందుకిస్తున్నారని వాళ్ళడిగారు. ఒక్క ముక్కలో చెప్పొచ్చు. కానీ మెర్వ్ కథను నలభై ఏళ్ళ కిందటి మొదటి టిక్కెట్టు దగ్గర మొదలుపెట్టాడు. కథ కొట్టం కాలిపోయిన ఏడాదికి వచ్చేసరికి ముగ్గురూ మూటలు సర్దుకుని లేచారు. వెనక్కి తిరిగి చూస్తూ, కాస్త వేగంగానే వెళ్ళారు.

రెండూ పది అయింది. ఓడ గేటుకు ఎదురుగా, రోడ్డుకు ఇవతల ఒక బెంచీ ఉంది. గ్లెనిస్ దాని మీద కూలబడింది. ఎండకు ఐసు కరిగి సంచి అడుగున నీళ్ళు కారుతున్నాయి. రెండు సముద్రపు కాకులు వచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాయి, జీతం కోసం వచ్చినవాళ్ళలాగా. మెర్వ్ సంచి మీద చెయ్యి పెట్టి చూసి, మాంసం పాడైపోతుంది, మలుపు దగ్గర కొట్లో ఐసు తెస్తానని వెళ్ళాడు.

ఓడ పొగగొట్టంలోంచి సన్నగా పొగ మొదలైంది. తమ సూట్‌కేసులు మాత్రం సింగపూరు చూసి వస్తాయేమో అనిపించింది ఆమెకు. ఆకలికి కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. అటూ ఇటూ చూసింది. ఎవరూ తనవైపు చూడటం లేదు. లేచి, సంచిని బెంచీ మీదే వదిలి, చేతులూపుకుంటూ మలుపు వైపు నడిచింది.

మెర్వ్ ఐసు మూటతో ఎదురొచ్చాడు.

"సంచేది?"

"ఇచ్చేశాను," అంది. ముప్పై నాలుగేళ్ళలో అతనితో ఆడిన మొదటి అబద్ధం. గొంతు కొంచెం వణికింది. "ఒక కుటుంబం వచ్చింది. ముగ్గురు పిల్లలు. పాపం చాలా సంతోషించారు."

బహుమతి పోయిందని బాధపడతాడనుకుంది. అతను పాలిపోయాడు. ఐసు మూట చేతిలోంచి జారి రోడ్డు మీద పడింది.

"ఎటు వెళ్ళారు?"

"ఎర్ర కారులో వెళ్ళిపోయారు. ఎందుకు?"

"పాస్‌పోర్టులు అందులోనే ఉన్నాయి."

ఆమె చేతిసంచిలో చెయ్యి దూర్చింది. ఇంతసేపూ గట్టిగా తగిలింది వాంతుల మాత్రల డబ్బా.

"చర్చి మెట్ల మీద మార్చాను," అన్నాడు మెర్వ్. "నీ జిప్పు పాడైందని పొద్దున్నుంచి చచ్చిపోతున్నావు కదా. దొంగ ఎవడైనా చేతిసంచి వెతుకుతాడు గానీ సాసేజిల కింద వెతుకుతాడా? నీకు చెబుదామనుకున్నాను. ఇంతలో ఆ కుర్రాళ్ళు కనబడ్డారు."

"మెర్వ్, కారు లేదు."

"లేదా?"

"పిల్లలు కూడా లేరు. బెంచీ మీద వదిలేశాను."

"బతికించావు తల్లీ," అన్నాడు మెర్వ్. ఇద్దరూ పరుగెత్తారు.

బెంచీ చుట్టూ అప్పటికే పసుపు పట్టీ కట్టేశారు. రేవు కాపలావాళ్ళు నలుగురు జనాన్ని వెనక్కి నెడుతున్నారు. గేటు ఎదుట వరసలో ఉన్న మూడు వందలమందినీ ఆపేశారు. ఎవరో సంచి వదిలి పారిపోయారట, అడుగున ఏదో కారుతోందట, పెర్త్ నుంచి పోలీసులు వచ్చి తెరిచేదాకా ఎవరూ కదలకూడదట. ఒకావిడ అప్పుడే ఏడుపు మొదలుపెట్టింది. సంచిలో టిక్‌టిక్ చప్పుడు తాను చెవులారా విన్నానని ఒక పెద్దమనిషి నలుగురికీ చెబుతున్నాడు.

కాపలావాళ్ళకు పెద్ద, రేలీన్ అనే గట్టి మనిషి. మెర్వ్ ఆమె దగ్గరికి వెళ్ళి, అది మాంసమమ్మా అన్నాడు.

"మీకెలా తెలుసు?"

"నేనే గెలిచాను."

"గెలిచి బెంచీ మీద పెట్టి వెళ్ళిపోయారా?"

"నేను ఐసు కోసం వెళ్ళాను. మాంసం పాడైపోకుండా."

రేలీన్ అతన్ని కిందినుంచి మీదికి చూసింది. ఐసు లేదు. "మీరెవరో చూపించే కాగితం ఏదైనా ఉందా పెద్దాయనా?"

"ఉంది," అన్నాడు మెర్వ్. "ఆ సంచిలో."

ఆమె అతన్ని పక్కన నిలబడమంది. మూడవడానికి పది నిమిషాలుంది. గ్లెనిస్ ఒక అడుగు ముందుకు వేసింది. నేనే వదిలానని చెప్పాలి. మూడు వందలమంది ఎదుట చెప్పాలి.

అప్పుడే ఒక సముద్రపు కాకి పసుపు పట్టీ కింద నుంచి తల వంచి లోపలికి నడిచింది. ఎవరికీ ఊపిరాడలేదు. అది బెంచీ ఎక్కి, పట్టని మూత సందులో ముక్కు దూర్చి, లాగింది. ఒక సాసేజి వచ్చింది. దాని వెనక ఇంకోటి, దాని వెనక ఇంకోటి, దండలాగా నేల మీదికి జారాయి. టిక్‌టిక్ విన్న పెద్దమనిషి టోపీ సవరించుకుని ఓడ వైపు చూశాడు.

రెండో కాకి వచ్చింది. దానికి సాసేజిలు మిగల్లేదు. అదింకా లోతుగా ముక్కు దూర్చింది. ఈసారి సంచిలోంచి ఎర్ర రిబ్బను బయటికొచ్చింది.

గ్లెనిస్‌కు తర్వాత ఎంత గుర్తుచేసుకున్నా తానెప్పుడు పట్టీ దాటిందో గుర్తురాలేదు. వెనక ఎవరో ఆగమని అరుస్తున్నారు. ఆమె ఒక చెప్పు తీసి పట్టుకుని, పెరట్లో గింజల మీద పడ్డ కోళ్ళను తోలినట్టు తోలుతూ పరుగెత్తింది. కాకి రెక్కలు విప్పింది. ఆమె రిబ్బను రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ కాసేపు లాక్కున్నారు. ముప్పై నాలుగేళ్ళు ఆగిన మనిషి ముందు కాకి నిలవలేదు.

పర్సు తడిసి, నెత్తురు నీళ్ళు కారుతోంది. రేలీన్ పాస్‌పోర్టులు వేలికొసలతో తెరిచి ఫొటోలు చూసింది, వాళ్ళను చూసింది, సంచిని చూసింది.

"అయితే సంచి మీదే."

గ్లెనిస్ తలూపబోయింది. రేలీన్ ఆపింది.

"తొందరపడకండమ్మా. సంచి మీదైతే మీరే తీసుకెళ్ళాలి. ఇక్కడ వదలకూడదు. దాంతో ఓడ ఎక్కకూడదు. పైగా నేను కేసు రాయాలి, అది అయ్యేసరికి సాయంత్రమవుతుంది." అడుగున మిగిలిన గొర్రె తొడల వైపు ఒకసారి చూసింది. "అదే ఎవరిదో తెలియని సంచి అయితే, అందులో పాడయ్యే సరుకుంటే, ఏం చెయ్యాలన్నది మా ఇష్టం. ఈ సాయంత్రం మావాళ్ళు పదకొండుమంది డ్యూటీలో ఉన్నారు. ఇప్పుడు చెప్పండి. ఈ సంచి మీదేనా?"

మెర్వ్ ఛాతీ విరుచుకున్నాడు. నలభై ఏళ్ళకు తగిలిన బహుమతి అది.

"కాదు," అంది గ్లెనిస్. "ఎప్పుడూ చూడలేదు." ఈసారి గొంతు వణకలేదు.

బయట ఆగినవాళ్ళందరినీ ఎక్కించాలి కాబట్టి గేటు నాలుగింటిదాకా తెరిచే ఉంచారు. వాళ్ళిద్దరూ వరసలో చిట్టచివర ఎక్కారు. అంతకుముందు వరసలో ఒకాయన తన భార్యతో అనడం గ్లెనిస్ విన్నది, పట్టీ కట్టడం రెండు నిమిషాలు ఆలస్యమైతే ఆ సంచి తానే ఎత్తుకుపోయేవాణ్ణని. ఆమె తడి పర్సును రెండు చేతులతో పట్టుకుంది.

రాత్రి భోజనానికి బన్‌బరీ నుంచి వచ్చిన మార్జరీ అనే ఆవిడ పక్కన చోటు దొరికింది. ఆ పూట ప్రత్యేకం కాల్చిన గొర్రె తొడ. గ్లెనిస్ చేపలు తెమ్మంది. ఇంతలో ఓడ కెప్టెన్ మైకులో, ఎవరో గుర్తుతెలియని వ్యక్తి వదిలేసిన సంచి వల్ల గంట ఆలస్యమైందని అందరినీ క్షమించమన్నాడు.

"సంచి నిండా మాంసమట," అంది మార్జరీ. "ఎవరో గానీ, కాస్తయినా బుద్ధి ఉండొద్దూ?"

మెర్వ్ నోరు తెరిచాడు. గ్లెనిస్ బల్ల కింద అతని కాలు తొక్కింది.

"ఒక కుటుంబమండీ, నేను చూశాను," అంది. "ముగ్గురు పిల్లలు. ఎర్ర కారులో వచ్చారు."

అప్పటికి ఆమెకు చేయి తిరిగింది.