వెదురుగడ మీద వియ్యం

ఆ ఉదయం లాన్‌ష్యాంగ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. సాసేజీలు కాసేపు గాలికి ఆరేయాలి, తలస్నానం చేయాలి, కొత్త ఎర్ర స్వెటరు వేసుకోవాలి, మధ్యాహ్నం కాబోయే వియ్యాలవారి ముందు కూర్చుని మర్యాదగా నవ్వాలి. ఇందులో చెడిపోవడానికి ఏముందని మీరనుకోవచ్చు. ఆవిడా అలాగే అనుకుంది.

ఒక్కగానొక్క కూతురు జింగ్ చెంగ్డూలో ఉద్యోగం చేస్తూ, తనతో పనిచేసే హాంగ్‌జౌ కుర్రాడు కైవెన్‌ని ఇష్టపడింది. పెద్దవాళ్ళు ఒకసారి కలిసి భోంచేసి సరేనంటే పెళ్ళే. అందుకని పిల్లలిద్దరూ కూడబలుక్కుని, రెండు కుటుంబాలనూ ఊళ్ళోకెల్లా గొప్ప హోటల్లో వేర్వేరు అంతస్తుల్లో దించారు.

"అమ్మా, భోజనం దగ్గరే మొదటిసారి కలవాలి. అంతదాకా వాళ్ళ కంటపడకు. నువ్వు మామూలుగా ఉన్నప్పుడు ఎవరూ చూడకపోవడమే మంచిది" అని జింగ్ ముందే చెప్పింది. ఫోటోలు అటూ ఇటూ వెళ్ళిన మాట నిజమే. కానీ ఈ కాలపు ఫోనులు ప్రతి ముఖాన్నీ వలిచిన గుడ్డులా చేసి చూపిస్తాయి. ఆ ఫోటో పట్టుకుని మనిషిని పోల్చుకోవడం బ్రహ్మతరం కూడా కాదు.

ఇక ఆ హోటలు సంగతి. చూడ్డానికి అన్నీ తాతల కాలం నాటివి, ముట్టుకుంటే అన్నీ నిన్నగాక మొన్నటివి. చెక్కడపు కిటికీ తలుపు జరిపితే వెనక టీవీ ఉంటుంది. పాతకాలపు లాంతరు మనిషిని చూడగానే దానంతటదే వెలుగుతుంది. లాన్‌ష్యాంగ్ భర్త దేఫూ మాత్రం పొద్దున్నించీ స్నానాలగది వదిలి రావడం లేదు.

"ఏమే, ఇటు రా! నేను లోపలికి వెళ్ళగానే కమోడు మూత దానంతటదే లేచింది! ఇన్నేళ్ళు ఫ్యాక్టరీలో చేశాను, నన్ను చూసి లేచినవాడు ఒక్కడూ లేడు!"

"ఇంకో రెండుసార్లు లేపి రా, ముచ్చట తీరుతుంది. ఇక్కడ సాసేజీలకి చెమట పడుతోంది. ఈ కిటికీ తెరుచుకోదేమయ్యా?"

"ముప్ఫయ్యో అంతస్తు. తెరుచుకుంటే సాసేజీలతోపాటు మనమూ ఆరతాం."

ఆ సాసేజీలు వియ్యపురాలికి ఇవ్వడం కోసం లాన్‌ష్యాంగ్ స్వయంగా కూరినవి. ఎండు మిరపకాయలూ, నాలుక తిమ్మిరెక్కించే సిచువాన్ మిరియాలూ దట్టించి, ఇంటి బాల్కనీలో రోజూ పిల్లల్ని చూసుకున్నట్టు చూసుకుంది. రైల్లో సంచి మూసి ఉంచడంతో అవి తడితేరాయి. గాలి తగలకపోతే పరువు పోతుంది. అందుకని హోటలువాళ్ళిచ్చిన తెల్ల స్నానపు అంగీ తొడుక్కుని, సంచి చంకన పెట్టుకుని, గాలి వెతుక్కుంటూ బయల్దేరింది.

మూడో అంతస్తులో ఆకాశానికి తెరిచిన మండువా ఒకటి కనిపించింది. తెల్లటి గులకరాళ్ళు, మూల ఒక పొట్టి దేవదారు, రెండు రాతి పీటలు, మధ్యలో నల్లటి స్తంభాల మీద అడ్డంగా ఒక వెదురుగడ. గడ మీద ఏమీ లేదు. చలికాలంలో ఖాళీ వెదురుగడ కనిపిస్తే మా సిచువాన్ ఆడవాళ్ళ చేతులు ఊరుకోవు. 'ఎంత ముందుచూపు! ఆరేసుకోవడానికి గడ కూడా పెట్టారు' అని ఆవిడ హోటలువాళ్ళని మనసారా మెచ్చుకుంది. సాసేజీల దండలన్నీ బారుగా వేలాడదీసి, స్నానానికి పైకి వెళ్ళిపోయింది.

చలికి తలకీ ముఖానికీ తువ్వాలు చుట్టుకుని మళ్ళీ చూడ్డానికి వచ్చేసరికి, సాసేజీలన్నీ ఒక మూలకి నెట్టేసి ఉన్నాయి. వాటి చోట రెండు బాతులు వేలాడుతున్నాయి. సోయా రసంలో నానబెట్టి గాలికి ఆరబెట్టే హాంగ్‌జౌ బాతులు. పక్కనే మరో తెల్ల అంగీ నిలబడి ఉంది. ముఖం నిండా అందానికని అంటించుకున్న తడి కాగితం ముసుగు, దానికి కళ్ళకీ నోటికీ కన్నాలు.

"ఏమమ్మా, ఈ గడ మీ పుట్టింటివాళ్ళు నాటించారా? నీ బాతుల రసం నా సాసేజీల మీద కారుతోంది!" అంది లాన్‌ష్యాంగ్.

"కారనీ, కాస్త రుచైనా వస్తుంది" అంది కాగితం ముఖం. "నీ మిరియాల ఘాటుకి నా బాతులు తుమ్మేలా ఉన్నాయి."

"చచ్చిన బాతులు తుమ్ముతాయా?"

"నీ సాసేజీల పక్కన పెడితే తుమ్ముతాయి!"

"బాతుకి పంచదార పూసుకు తినేవాళ్ళకి ఘాటు సంగతి ఏం తెలుసులే!"

"నోట్లో నిప్పు పోసుకునేవాళ్ళకి తీపి సంగతి ఏం తెలుసు? నీతో వియ్యమందేవాళ్ళెవరో గానీ, వాళ్ళని తలుచుకుంటే జాలేస్తోంది!"

"నీతో వియ్యమందేవాళ్ళకి నేను ఇప్పుడే దణ్ణం పెట్టేస్తున్నా!"

ఇద్దరూ చెరో లిఫ్టూ ఎక్కి, తమ తమ భర్తల్ని కాపలాకి తోలారు. దేఫూ వచ్చేసరికి ఒక సన్నపాటి పెద్దమనిషి రాతిపీట మీద దిగాలుగా కూర్చుని బాతుల్ని చూస్తున్నాడు. భార్య తిట్టి పంపిన మగవాళ్ళు ఒకరినొకరు ఇట్టే గుర్తుపడతారు. ఇద్దరూ సిగరెట్లు ఇచ్చిపుచ్చుకున్నారు.

"ఈరోజే గొడవ రావాలా? మధ్యాహ్నం మా అమ్మాయి పెళ్ళిమాటలు" అన్నాడు దేఫూ.

"మాకూ అంతే. మా అబ్బాయివి. అన్నట్టు నా పేరు వెంగ్. హాంగ్‌జౌ నుంచి వచ్చాం."

దేఫూ చేతిలో సిగరెట్టు ఆగిపోయింది. "మీ అబ్బాయి పేరు... కైవెన్ కాదు కదా?"

వెంగ్ సాసేజీల వంక చూశాడు, తర్వాత దేఫూ వంక చూశాడు. "బావగారూ! మన కొంప మునిగింది" అన్నాడు.

కొంప మునగడం పూర్తి కాకముందే మేనేజరు యాన్ వచ్చాడు. పోయిన నెల ఈ మండువాలోనే ఒక ఎండుకొమ్మ కనిపిస్తే చెత్త అనుకుని పారేయించాడు. అది హోటలు అలంకరించిన కళాకారిణి ఎంతో ఆలోచించి నిలబెట్టిన కొమ్మట. ఉద్యోగం ఊడినంత పనైంది. చెయ్యి కాలిన మనిషి కదా, ఇప్పుడు వెదురుగడ మీద సాసేజీలూ బాతులూ చూడగానే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తర్వాత ఇత్తడి స్తంభాలు తెప్పించి చుట్టూ ఎర్రతాడు కట్టించి, 'ముట్టరాదు' అని ఫలకం పెట్టించాడు.

"పెద్దాయనా, కాస్త కళాఖండంలోంచి లేచి బయటికి రండి" అన్నాడు వినయంగా.

"బాబూ, అవి మావి!" అన్నాడు దేఫూ.

"నిజమేనండీ. కళ అందరిదీ" అన్నాడు యాన్, కళ్ళు చెమర్చి.

చూస్తుండగానే జనం మూగారు. ఫోటోలు తీసుకున్నారు. కళ్ళజోడు పెట్టుకున్న ఒకాయన సాసేజీలంటే సామాన్య ప్రజలనీ, బాతులంటే గడిచిపోయిన రాజరికమనీ విడమరిచి చెప్పాడు. కారుతున్న సోయా రసం ఏమిటని ఒకమ్మాయి అడిగితే, కాలం అన్నాడు.

వియ్యంకులిద్దరికీ చెమటలు పట్టాయి. భోజనం వేళ దగ్గరపడుతోంది. ఉత్త చేతులతో వెళ్తే భార్యలు ఊరుకోరు. భార్యలు ఒకరినొకరు చూసుకున్నాక అసలు పెళ్ళే ఉండదు. పిల్లలిద్దరూ ఏమైపోతారు? జింగ్ ఫోనులో ఆ కుర్రాడి పేరు చెప్పేటప్పుడు ఎలా నవ్వుతుందో దేఫూకి తెలుసు.

చివరికి వెంగ్ తెగించి మేనేజరుని పక్కకి తీసుకెళ్ళి, "నాయనా, దీని అర్థం కాస్త నెమ్మదిగా చెబుతావా?" అన్నాడు. యాన్ కళ్ళు మూసుకుని, కళ్ళజోడాయన దగ్గర విన్నదంతా అప్పజెప్పడం మొదలుపెట్టాడు. ప్రజల దగ్గర్నుంచి రాజరికం దాకా వచ్చేలోపల దేఫూ తాడు కిందనుంచి దూరి, ఒక దండనీ ఒక బాతునీ కోటులో కుక్కుకుని, వండించైనా బల్ల మీదికి చేర్చాలని వంటశాల దారి పట్టాడు.

భోజనాల గదిలో అంతా మర్యాదగానే మొదలైంది. లాన్‌ష్యాంగ్ ఎర్ర స్వెటర్లో మెరిసిపోతోంది. వెంగ్ భార్య ముత్యాల దండ వేసుకుని, దూదిలాంటి నవ్వుతో, "దారిలో ఇబ్బందేం కలగలేదు కదా?" అంది.

లాన్‌ష్యాంగ్‌కి ముఖం కొత్తది, గొంతు పాతది.

"దారిలో ఏం లేదు. హోటల్లోనే ఒక బాతులావిడ తగిలింది" అంది నెమ్మదిగా.

ఆ గొంతు విని అవతలి నవ్వు ఆరిపోయింది. "నాకూ ఒక మిరియాలావిడ తగిలింది" అంది వెంగ్ భార్య. జింగ్, కైవెన్ ముఖాలు పాలిపోయాయి.

సరిగ్గా అప్పుడు ఆవిర్లు కక్కుతూ ఒక పెద్ద పళ్ళెం వచ్చింది. సాసేజీ ముక్క, బాతు ముక్క, మళ్ళీ సాసేజీ ముక్క, ఒకదాని కొవ్వులో ఒకటి మునిగి, కలిపి ఉడికినవి. ఇద్దరాడవాళ్ళూ తమ తమ చేతి సరుకుని ఒక్కచూపులో పోల్చుకున్నారు. భర్తలిద్దరూ గోడమీది బొమ్మల్ని చూడసాగారు.

"తినండి" అని లాన్‌ష్యాంగ్ ఒక సాసేజీ ముక్క అవతలి గిన్నెలో వేసింది. "ముందు మీరు" అని ఆవిడ బాతు తొడ ఇవతలి గిన్నెలో వేసింది. ఎదుటివాళ్ళు గిన్నెలో వడ్డించినది తినకపోతే మర్యాద కాదు. రెండు గిన్నెలూ గుట్టలయ్యేదాకా వడ్డించుకుని, ఇక చోటు లేక, ఇద్దరూ కసిగా నోట్లో పెట్టుకున్నారు.

వెంగ్ భార్య కళ్ళల్లోంచి నీళ్ళు జలజలా కారాయి.

"అయ్యో, ఏడుస్తున్నారా?" అంది లాన్‌ష్యాంగ్ కంగారుగా.

"ఘాటు. అమ్మో, ఘాటు" అని ఆవిడ ముక్కు తుడుచుకుని గిన్నె ముందుకి జరిపింది. "ఇంకో ముక్క వెయ్యండి."

"మీ బాతులో తీపి కాస్త ఎక్కువే" అని లాన్‌ష్యాంగ్ ఎముక కూడా చప్పరించి, "అయినా ఎలా చేస్తారో నాకు చెప్పాలి" అంది.

"వదినగారూ, పొద్దున నేను మీ వియ్యాలవారి మీద జాలిపడ్డాను."

"నేనూ మీ వియ్యాలవారికి ముందుగానే దణ్ణం పెట్టేశాను కదా వదినగారూ!"

ఇద్దరూ బల్ల చరిచి మరీ నవ్వారు. జింగ్ నవ్వబోయి, సంతోషం పట్టలేక ఏడ్చేసింది. భోజనం చివర్లో వచ్చే పండ్లు రాకముందే పెళ్ళికి ముహూర్తం కుదిరిపోయింది.

తర్వాత వదినలిద్దరూ చేయీ చేయీ పట్టుకుని మూడో అంతస్తుకి దిగి, ఎర్రతాడు ఎత్తి, మేనేజరు యాన్ గగ్గోలు పెడుతుండగా మిగిలిన ప్రజల్నీ రాజరికాన్నీ సంచుల్లో సర్దుకుని వెళ్ళిపోయారు.

అతిథులు అడుగుతున్నారని, మరుసటి చలికాలానికి హోటలువాళ్ళు అదే గడ మీద గాజు సాసేజీలూ పింగాణీ బాతులూ వేలాడదీశారు. కింద ఫలకం మాత్రం మార్చారు: 'ఇక్కడ ఏమీ ఆరేయరాదు.'