ఎర్ర గుర్తు ముఠా

“ఈ ఊళ్లో నేరగాళ్లకు నిద్ర పట్టకపోవడానికి కారణం ఒక్కటే. నేను మేలుకుని ఉండటం!”

శ్రీవారు ఇలా ప్రకటించే సమయానికి వారి చొక్కా బొత్తాలు ఒక కాజా తప్పి ఉన్నాయి. కొత్త పెళ్లికూతురైన టీచరమ్మకు అదీ ముద్దుగానే కనిపించింది. ఆయన ఉద్యోగం బీమా ఆఫీసులో గుమాస్తాగిరీ. డిటెక్టివ్ అన్నది తనకు తాను ఇచ్చుకున్న పదవి. ఇంతవరకు ఛేదించిన కేసు ఒక్కటే, మాయమైన ఎడమ చెప్పుది. అది ఆయన కుడి కాలికే దొరికింది.

మామూలు రోజైతే కాసేపు ఏడిపించేదే. కానీ ఇవాళ ఆమెకు అంత తీరిక లేదు. ఒకటో తరగతికి తను చెప్పే మ్యాపు పాఠం చూడటానికి హెడ్మిస్ట్రెస్ వస్తోంది. “అంత చిన్నపిల్లలకు మ్యాపులేమిటమ్మా? నచ్చకపోతే ఆ పీరియడ్ చేతిరాతకు ఇచ్చేస్తాను,” అని ముందే చెప్పేసింది. అందుకే టీచరమ్మ రాత్రి కూర్చుని స్కూలు పటం గీసింది. అక్షరం ముక్క లేదు. గదులకు గళ్లు, తలుపులకు ఖాళీలు, గుడ్డ ఎలుగుబంటిని దాచిన చోట ఎర్ర గుర్తు. చుట్టచుట్టి సంచిలో పెట్టుకుంది.

క్లాసులో హెడ్మిస్ట్రెస్ చివరి బెంచీలో ఇరుక్కుని కూర్చుంది. పిల్లలు ఊపిరి కూడా అడిగి పీల్చేలా ఉన్నారు.

“పటం చేతికి రాగానే ముందు ఏం చేయాలి?” అడిగింది టీచరమ్మ.

ఎన్నిసార్లు నేర్పిందో! పటంలో తలుపు, నిజం తలుపు ఒకే వైపుకు వచ్చేలా తిప్పాలి. ఒక్కరూ నోరు విప్పరు. చివరికి ఎవరో గొణిగారు: “ఫ్యాను ఆపాలి టీచర్. ఎగిరిపోతుంది.”

ఆమె గబగబా చుట్ట విప్పింది. లోపల పోయిన నెల క్యాలెండర్ కాగితం!

“దీంతో దారి తెలుస్తుందా అమ్మా?” అంది హెడ్మిస్ట్రెస్ చల్లగా.

అంతలో తలుపు ధడేల్మంది.

“ఎవరూ కదలకండి! ముఠా నాయకుడెవరు?”

“ఏమండీ! ఆఫీసుకెళ్లలేదా?”

“భయపడకు. నిన్ను బెదిరించి దోపిడీ పథకం గీయించుకున్నారని ఆ గీతలు చూడగానే పసిగట్టాను. అందుకే అసలుది తీసి క్యాలెండర్ పెట్టి, నీ వెనకే వచ్చాను.”

“ఎవరీయన?” అంది హెడ్మిస్ట్రెస్.

“మా... మావారండీ.” నేల చీలితే బాగుండుననిపించింది టీచరమ్మకు.

శ్రీవారు పటం పరిచి పట్టుకుని బల్ల కింద దూరారు. “ఎర్ర గుర్తు సరిగ్గా ఇక్కడే! దోపిడీ సొత్తు బయటికి తీస్తున్నాను!” తీసింది ఎవరిదో టిఫిన్ డబ్బా మూత.

ముందు పళ్లు ఊడిన పాప ఇక ఆగలేకపోయింది. “అంకుల్, తిరగేసి పట్టుకున్నారు!”

“పాపా, నిపుణులు ఎటునుంచైనా చదవగలరు.”

“చదవకూడదు! తలుపు తలుపు వైపే ఉండాలి. ఇటివ్వండి!”

“ఎర్ర గుర్తు మన గదిలో కాదు అంకుల్, వరండా ఆ చివర! ఆటసామాన్ల గది!”

“మీకు ఒకటో క్లాసులో ఎవరూ చెప్పలేదా?”

క్లాసంతా ఆయన మీద పడింది. పటం నేలమీద పరిచారు, తిప్పారు, తలుపుకు తలుపు కలిపారు. ఆయన్ని చొక్కా పట్టుకుని లాక్కుపోయారు. ప్రతి గుమ్మం దగ్గరా గడి మీద వేలు: “ఇది మంచినీళ్ల గది. ఇది పెద్ద టీచర్ది, ష్!” పెద్ద టీచరు బెంచీలోంచి ఎలాగో ఊడి వచ్చి వెనకే నడిచింది.

“వెనక్కి! లోపల ప్రమాదం పొంచి ఉంది!” అంటూ శ్రీవారు ఆటసామాన్ల గదిలో మొదటి అడుగు బంతి మీద వేశారు. అల్మరా పట్టుకున్నారు. అల్మరా పట్టు ఇవ్వలేదు. చాపలు, తాళ్లు, రింగులు, అన్నిటి మీదా గుడ్డ ఎలుగుబంటి కింద కూలబడ్డ ఆయన ఒళ్లోకి వచ్చి పడ్డాయి.

“దొరికాడు!” అరిచారు శ్రీవారు, ఎలుగుబంటి మెడ పట్టుకుని. పిల్లలు గంతులేశారు.

హెడ్మిస్ట్రెస్ టీచరమ్మ వైపు తిరిగింది.

“మ్యాపు పీరియడ్ ఉంటుంది. ఒక్క షరతు.”

“చెప్పండి మేడం.”

“ప్రతి వారం ఈయన్ని పంపాలి. పటం ఇలాగే పట్టుకుంటే చాలు. నా ముందు నోరు విప్పని పిల్లలు ఈయన్ని చూసి పాఠమంతా అప్పజెప్పారు. ఇంత మంచి బోధనోపకరణం మన స్కూల్లో ఇంతవరకు లేదు.”

శ్రీవారు ఒళ్లు దులుపుకుని లేచారు. “విన్నావుటోయ్? సలహాదారు పదవి! ఇక సెలవు, ఆఫీసు నాకోసం ఎదురుచూస్తుంటుంది.”

టీచరమ్మ నవ్వు ఆపుకోలేక, ఆయన మీద ప్రేమా ఆపుకోలేక, గోడకు ఆనుకుంది. శ్రీవారు హుందాగా వరండా దాటి, తిన్నగా మంచినీళ్ల గదిలోకి నడిచారు.

“అంకుల్! గేటు ఇటూ!” అని ఒకటో తరగతి మొత్తం ఒక్క గొంతుతో అరిచింది.