రెండంగుళాల మర్యాద

శనివారం ఉదయం ఏడు గంటల ఐదు నిమిషాలకు టైలరు ఈతకు వేసుకునే రబ్బరు వెట్‌సూట్‌లో కుడికాలు పెట్టాడు. తొమ్మిదీ ఇరవైకి ఇద్దరు మనుషులు కలిసి అతన్ని అందులోంచి బయటికి లాగారు. మధ్యలో ఏం జరిగిందన్న విషయంలో ఇంట్లో అందరి మాటా ఒకటే. తప్పెవరిదన్న విషయంలో మాత్రం కాదు.

ఆ ఉదయానికి వేసుకున్న పథకం చిన్నది. సూట్ తొడగాలి, చేతులు నాలుగుసార్లు తిప్పి చూడాలి, విప్పాలి, ఎనిమిదింటికి కొట్టు తెరవాలి. మర్నాడు జలాశయం దగ్గర ట్రయథ్లాన్ ఉంది. జట్టుకు ముగ్గురు. టైలరు ఏడువందల యాభై మీటర్లు ఈదాలి, అతని బావమరిది ఇరవై కిలోమీటర్లు సైకిలు తొక్కాలి, కూతురు ఐదు కిలోమీటర్లు పరుగెత్తాలి.

కూతురు పోస్టాఫీసులో పనిచేస్తుంది. మోకాలి ఆపరేషన్ జరిగి పదకొండు నెలలైంది. ఈ పందెంలో పరుగెత్తుతానని ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడే చెప్పింది. ఈదడానికి మనిషి దొరకలేదు. "నేను ఈదుతాలే తల్లీ" అన్నాడు టైలరు. అప్పటికి అతనికి ఈత రాదు.

నిబంధన ఒకటుంది. ఈతగాడు ఇరవై ఐదు నిమిషాల్లో ఒడ్డుకు రాకపోతే జట్టంతా పందెం నుంచి తప్పుకోవాలి. సైకిలు కదలదు, పరుగు మొదలు కాదు. కొలనులో టైలరు ఆ దూరానికి తీసుకున్న సమయం ఇరవై ఆరు నిమిషాల పది సెకన్లు. "మీ కాళ్ళు మునిగిపోతున్నాయి సార్" అన్నాడు ఈత నేర్పే కోచ్. "వెట్‌సూట్ కొనండి. ఆ రబ్బరే మిమ్మల్ని తేలుస్తుంది. రెండు నిమిషాలు కలిసొస్తాయి."

రెండు వారాల కిందట సూట్‌కు ఆర్డరు పెట్టారు. కొలతలు టైలరు భార్య తీసింది. కొట్లో టేపు పట్టేది ఎప్పుడూ ఆమే. రాసేది టైలరు. ఇరవై రెండేళ్ళుగా ఆ కొట్లో ఒక పద్ధతి నడుస్తోంది. ఒకప్పుడు ఒక హెడ్మాస్టరు తన నడుము నలభై నాలుగని వినగానే కొలతలు సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు. ఆనాటి నుంచి భార్య ఛాతీ, నడుము కొలతలను రెండంగుళాలు తగ్గించి పైకి చెబుతుంది. టైలరు రెండు కలిపి రాసుకుంటాడు. ఈ సంగతి వాళ్ళిద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు. వాళ్ళు కూడా దాని గురించి మాట్లాడుకుని చాలా ఏళ్ళైంది.

"ఛాతీ ముప్పై తొమ్మిది. నడుము ముప్పై ఐదు" అని చెప్పింది భార్య. టైలరు తలూపాడు. ఆ రోజు రాసింది అతను కాదు. కూతురు విన్నది విన్నట్టు ఫోనులో కొట్టి ఆర్డరు పెట్టేసింది.

శనివారం ఏడున్నరకల్లా సూట్ మోకాళ్ళ దాకా వచ్చింది. ఏడూ యాభైకి నడుము దాటింది. అప్పుడు బావమరిది వచ్చాడు. అతను లిఫ్ట్ మెకానిక్. ట్రయథ్లాన్ గురించి నలభై వీడియోలు చూశానని చెప్పుకుంటాడు.

"ఇది చిన్నదిరా" అన్నాడు టైలరు.

"మొదటిసారి అందరూ అదే అంటారు బావా. ఒంటి మీద చర్మంలా ఉండాలి. వదులుగా ఉంటే నీళ్ళు దూరతాయి."

"చర్మం నాకు ఇంత బిగుతుగా ఎప్పుడూ లేదు."

"మాట్లాడకు. పొట్ట లోపలికి లాగు. అక్కా, నువ్వు జిప్పు పట్టుకో."

జిప్పు వీపు వైపు ఉంది. భార్య కింద నుంచి లాగింది. బావమరిది రెండంచులనూ దగ్గరికి తెచ్చాడు. ఎనిమిదీ పదికి జిప్పు మెడ దాకా చేరింది. టైలరు ఒక చెయ్యి పైకెత్తాడు. అది తిరిగి కిందికి రాలేదు.

కూతురు స్పీకరు పెట్టి కోచ్‌కు ఫోను చేసింది. "సార్, నాన్నకి బాగా బిగుతుగా ఉందట."

"మంచిదే. ఊపిరాడుతోందా?"

"సగం ఆడుతోంది" అన్నాడు టైలరు.

"బయట అలాగే ఉంటుంది సార్. నీళ్ళలోకి దిగితే సర్దుకుంటుంది."

"నీళ్ళు రేపు కదా! ఇవాళంతా ఏం చెయ్యను?"

ఫోను అప్పటికే పెట్టేశారు.

కొట్టు ఇంటి ముందు గదిలోనే ఉంటుంది. ఎనిమిదిన్నరకు బ్యాంకు మేనేజరమ్మ జాకెట్టు కోసం వచ్చి తెర పక్కకు జరిపింది. ఒక చెయ్యి పైకెత్తి నిలబడిన టైలరును చూసింది. "అయ్యో, ఎక్కడ పడ్డారండీ? ఎన్నాళ్ళుంచాలన్నారు ఈ కట్టు?" అని అడిగింది. టైలరు జవాబు చెప్పే స్థితిలో లేడు. పక్క కొట్టు మందులాయన పది నిమిషాల్లో నొప్పి మాత్రలు పంపించాడు. ఆ వెనకే ఇద్దరు కస్టమర్లు వచ్చి, టైలరు చెయ్యి పడిపోయిందని విన్నామంటూ, కుట్టని గుడ్డలు వెనక్కి ఇమ్మన్నారు.

"విప్పెయ్యండి" అన్నాడు టైలరు.

జిప్పు రెండంగుళాలు దిగి ఆగింది. బావమరిది వంటనూనె తెమ్మన్నాడు. భార్య కత్తెర తెచ్చింది.

"కత్తెరా? రేపు నేనేం వేసుకుని ఈదను?"

"రేపటి దాకా ఉండాలిగా మీరు!"

"కొయ్యకు. నా మాట విను. లాగండి, కొయ్యకండి."

లాగారు. జిప్పు ఎలాగో నడుము దాకా దిగింది. భార్య భుజాల దగ్గర పట్టింది. బావమరిది గుమ్మానికి కాలు తన్నిపెట్టి కాళ్ళ వైపు పట్టాడు. తొమ్మిదీ ఇరవైకి టైలరు నేల మీద పడ్డాడు, సూట్ బావమరిది మీద పడింది.

కూతురు సూట్ మీది చీటీ తిప్పి చూసింది. "ఎమ్ సైజు. ఛాతీ ముప్పై ఎనిమిది నుంచి నలభై దాకా అని ఉంది. నాన్నది ముప్పై తొమ్మిది. సరిగ్గానే ఉందిగా?"

భార్య, టైలరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ముప్పై తొమ్మిదంటే నలభై ఒకటి కదే" అంది భార్య.

"అదెలా అమ్మా?"

చెప్పారు. కూతురు చీటీని మరోసారి చదివింది. తర్వాత, "నా జాకెట్లకు కూడా ఇంతేనా?" అని అడిగింది. భార్య కత్తెర తీసుకుని లోపలికి వెళ్ళింది. "సరే నాన్నా. నువ్వు ఈదలేకపోతే ఇప్పుడే చెప్పు. వచ్చే ఏడాది చూసుకుందాం" అంది. అలా అంటూ మోకాలి మీద చెయ్యి వేసుకుంది. టైలరు చొక్కా తొడుక్కుని చెప్పులు వెతుక్కున్నాడు.

పదకొండుంబావుకు టైలరు, బావమరిది ఆటసామాన్ల దుకాణంలో ఉన్నారు. ఇలాంటి సూట్లు అమ్మే దుకాణం ఆ ఊళ్ళో అదొక్కటే. అమ్మే అమ్మాయి టేపు తీసి టైలరు ఛాతీ చుట్టూ వేసింది. ఇరవై రెండేళ్ళలో అతని ఒంటి మీద పరాయి చేతి టేపు పడటం అదే మొదలు.

"నలభై ఒకటి సార్. మీకు ఎల్ సరిపోతుంది."

ఎల్ తొడిగించింది. కాళ్ళకు ప్లాస్టిక్ సంచులు కట్టించడంతో సూట్ జారుకుంటూ ఎక్కింది. గోళ్ళు తగలకుండా, వేళ్ళ మెత్తతో పట్టి పైకి జరపమంది. నడుము వెనక పట్టి చూసింది. రబ్బరు చేతికి రాలేదు. చంకల్లో వేలు పెట్టి చూసింది. ఖాళీ లేదు. మెడ దగ్గర రెండు వేళ్ళు దూర్చింది. దూరాయి. చేతులు తిప్పమంది. తిరిగాయి.

"ఇదే మీ సైజు సార్. కొంచెం బిగుతుగా అనిపిస్తుంది. అలాగే ఉండాలి."

అలాగే ఉండాలన్న మాట టైలరు ఆ ఉదయం నుంచి వినడం అది మూడోసారి. అతను ఆమెను పక్కకు పిలిచాడు.

"నిజం చెప్పమ్మా, నేనేమీ అనుకోను. ఎంత?"

"నలభై ఒకటి సార్."

"అది పైకి చెప్పేది. అసలెంత?"

"సార్?"

"నేనూ ఈ పనిలోనే ఉన్నానమ్మా. మర్యాద కోసం తగ్గిస్తాం. తప్పు లేదు."

"టేపు మీరే చూసుకోండి సార్."

టైలరు టేపు చూడలేదు. చూస్తే ఆమెను అనుమానించినట్టు ఉంటుందనుకున్నాడు. బావమరిది వైపు చూశాడు.

"నన్నడక్కు బావా" అన్నాడు బావమరిది. "పొద్దున చెప్పినందుకే అక్క నాకు ఇంకా కాఫీ ఇవ్వలేదు."

నలభై ఒకటికి రెండు కలిపితే నలభై మూడు. టైలరు డబుల్ ఎక్స్‌ఎల్ కూడా ఉందేమో అడిగాడు. లేదన్నారు. ఎక్స్‌ఎల్ తీసుకున్నాడు. తొడిగి చూడమని అమ్మాయి రెండుసార్లు చెప్పింది. ఒక్క రోజులో మూడుసార్లు తన వల్ల కాదన్నాడు.

ఇంటికొచ్చాక తొడిగాడు. ఊపిరి పూర్తిగా ఆడింది. చెయ్యి పైకి లేచి కిందికి కూడా వచ్చింది. భార్య వెనక్కి వెళ్ళి నడుము దగ్గర రబ్బరు పట్టుకుంది. గుప్పెడు వచ్చింది. రెండో చేత్తో పట్టుకుంది. మరో గుప్పెడు వచ్చింది.

"ఏమండీ, ఇందులో మీతో పాటు బిందెడు నీళ్ళు కూడా ఈదుతాయి."

"పక్కలు పట్టేస్తాను. అరగంట పని" అంటూ టైలరు మిషను దగ్గర కూర్చున్నాడు. సూదికి దారం ఎక్కించాడు. అతను కుట్టేలోపే కూతురు ఆటసామాన్ల దుకాణానికి ఫోను చేసింది.

"కుట్టకండి మేడమ్!" అని అమ్మాయి అరిచిన అరుపు గదిలో అందరికీ వినిపించింది. "సూది పడ్డ ప్రతి చోటా నీళ్ళు లోపలికొస్తాయి. తీసుకొచ్చి మార్చుకోండి... ఒక్క నిమిషం... ఎల్ ఇందాకే అమ్ముడైపోయింది."

టైలరు సూదిలోంచి దారం తీసేశాడు. ఆ రోజు అతను మళ్ళీ మిషను దగ్గరికి రాలేదు. సాయంత్రం దాకా కూతురు వరండాలో మోకాలికి వ్యాయామం చేసింది. లెక్క పైకి పెడుతూ చేసింది. టైలరు లోపల కూర్చుని ఆ లెక్క విన్నాడు.

ఆదివారం ఆరూ నలభైకి జలాశయం ఒడ్డున ఈతగాళ్ళు వరస కట్టారు. అందరూ సూట్లలో ఉన్నారు. టైలరు సూట్ చీలమండల దగ్గర మూడు మడతలు పడింది. బావమరిది సైకిలు దగ్గర ఉన్నాడు. కూతురు ఒడ్డున అడ్డంగా కట్టిన తాడుకు అవతల నిలబడింది. భార్య ఆమె పక్కనే తువ్వాలు పట్టుకుని ఉంది.

"మునిగేలా ఉంటే చెయ్యెత్తండి, పడవొస్తుంది" అంది భార్య.

"చెయ్యెత్తితే పందెం పోతుంది."

"పోనీండి."

"నువ్వనకు" అన్నాడు టైలరు. కూతురి వైపు చూడలేదు.

ఆరూ యాభైకి నిర్వాహకుడు మైకు తీసుకున్నాడు. నీటి ఉష్ణోగ్రత ఇరవై ఐదు డిగ్రీలు ఉందన్నాడు. ఇరవై నాలుగున్నర దాటితే ఈ పోటీలో వెట్‌సూట్‌లు నిషేధమన్నాడు. విప్పడానికి పది నిమిషాలు ఇచ్చాడు. ఆలస్యమైనవారి కోసం ఆగేది లేదన్నాడు.

టైలరు అతని దగ్గరికి వెళ్ళాడు. "ఇరవై ఐదు అసలు అంకేనా అండీ? ఏమీ కలపలేదు, తియ్యలేదు కదా?"

"థర్మామీటరు ఇదిగో, చూసుకోండి."

ఈసారి టైలరు చూశాడు. ఇరవై ఐదు ఉంది.

ఒడ్డున గందరగోళం మొదలైంది. ఒకరు కింద కూర్చుని కాళ్ళు తన్నుతున్నారు. ఇద్దరు మూడో మనిషిని చెరో చెయ్యీ పట్టుకుని లాగుతున్నారు. ఒకాయన జిప్పు తాడు పట్టుకోబోతూ తన చుట్టూ తానే తిరుగుతున్నాడు. పది నిమిషాలయ్యేసరికి నలుగురు సగం సూట్‌లోనే ఉండిపోయారు. టైలరు జిప్పు దించి భుజాలు కదిపాడు. సూట్ చీలమండల దాకా జారింది. అందులోంచి బయటికి అడుగేశాడు. భార్య గడియారం చూసింది. ఎనిమిది సెకన్లు పట్టింది.

ఏడు గంటలకు విజిల్ వేశారు. కొలనులో టైలరు ప్రతి గోడ దగ్గరా ఆగి, అద్దాలు సర్దుకుని, ఊపిరి పీల్చుకుని బయలుదేరేవాడు. జలాశయంలో గోడలు లేవు. పట్టుకోవడానికి ఏమీ దొరక్క ఈదుతూనే ఉన్నాడు. దారి గుర్తుగా నీళ్ళ మీద తేలుతున్న రెండో బోయా దగ్గర పడవ ఒకటి అతని పక్కకు వచ్చింది. అందులో మనిషి "బాగానే ఉన్నారా?" అని అడిగాడు. టైలరు తల మాత్రం ఊపాడు. చెయ్యెత్తలేదు. ఒడ్డున కూతురు తాడు పట్టుకుని నిమిషాలు పైకి లెక్కపెట్టింది. ఇరవై మూడు దగ్గర లెక్క ఆపేసింది.

అతను ఒడ్డెక్కినప్పుడు గడియారంలో ఇరవై నాలుగు నిమిషాల నలభై ఒక్క సెకన్లు ఉంది. సమయం నమోదు చేసే కాలి పట్టీ విప్పి బావమరిదికి ఇచ్చాడు. "ఏదో ఒకటి చెప్పు బావా" అన్నాడు బావమరిది. "పోరా" అన్నాడు టైలరు, గడ్డి మీద పడుకుంటూ.

ఎనిమిదీ ఇరవై మూడుకు బావమరిది చేతి నుంచి పట్టీ కూతురికి అందింది. ఎనిమిదీ యాభై తొమ్మిదికి ఆమె గీత దాటింది. మధ్యలో ఎక్కడా నడవలేదు. నలభై ఒక్క జట్లలో వీళ్ళది ముప్పై ఏడో స్థానం.