వీరాయమ్మ మడతోపుకు సర్కారు రక్షణ

సర్కారు ఒక చెట్టును కాపాడాలంటే ముందు ఆ చెట్టు కాగితం మీద మొలవాలి. నేల మీద మొలవడం చెట్టు సొంత వ్యవహారం. గోదావరికి ఆనకట్ట కట్టిన కొత్తలో, కంపెనీ వారి పాలనలో, సఖినేటిపల్లి దగ్గరి వీరాయమ్మకు ఈ సంగతి తెలియదు.

పడవలు నడిపే కుటుంబం ఆమెది. ఏటి ఒడ్డున నాలుగెకరాల మడతోపు ఉంది. (మడచెట్టు ఉప్పునీటి బురదలో పెరుగుతుంది. ఇంతకు మించి దాని గురించి ఏ కచేరీకీ తెలియదు.) పన్నెండేళ్ళ కిందట ఉప్పెనలో పేటంతా కొట్టుకుపోతే, ఆ చెట్లను కావలించుకున్న పదకొండు మంది బతికారు. వీరాయమ్మ బతికింది. ఆమె మొగుడు చెట్టు దాకా రాలేకపోయాడు.

ఇప్పుడు సర్కారు కాలవల పనికి సున్నం బట్టీలు పెట్టిన గుత్తేదారు పోలిరాజుకు కట్టెలు కావాలి. ఊరకే నిలబడిన చెట్లను, అవి ఎవరివైనా సరే, సర్కారు పనులకు కొట్టుకోవచ్చని ఒక నిబంధన ఉంది. పున్నమి వెళ్ళాక గొడ్డళ్ళతో పడవ వస్తుందని అతను మర్యాదగా కబురు పెట్టాడు.

వీరాయమ్మ అమలాపురం వెళ్ళింది. అక్కడ భూమి ఉపయోగాల కచేరీలో గుమాస్తా సత్యనారాయణమూర్తి పంతులు దస్త్రం తెరిచాడు.

"నీ భూమిలో ఏం పండుతుందమ్మా?"

"ఏం పండదండి. చెట్లుంటాయి. కొంగలుంటాయి."

"అవి ఏం చేస్తాయి?"

"ఉంటాయండి."

పంతులు కలం కింద పెట్టాడు. "ఉండడానికి గడి లేదు. సాగు, బీడు, ఇనాము. ఈ మూడే."

"పదకొండు ప్రాణాలు నిలబెట్టేయండి అవి. ఆటిని ఎవరూ నరక్కుండా రాసుకోండి బాబూ, చాలు."

"ప్రాణాలు ఆదాయం కిందికి రావు" అన్నాడు పంతులు. కానీ చెడ్డవాడు కాడు. మూడు రోజులు ఆమె అరుగు మీదే కూర్చుని ఉండడం చూసి, నాలుగోనాడు అటక మీంచి ఒక పాత దస్త్రం దించి దుమ్ము దులిపాడు.

"ఒక్క దారి ఉంది. భూమి సర్కారుకు రాసిస్తే, జిల్లా దొరగారి వేటకు కేటాయించిన స్థలం అవుతుంది. అందులో ఆకు తెంపినా నేరమే."

"దొరగారేం చేస్తారండి అక్కడ?"

"కొంగల్ని కాలుస్తారు."

"మరి కాపాడ్డం ఎవర్నించండి?"

"మిగతావాళ్ళ నుంచి."

వీరాయమ్మ వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంది. పున్నమి రెండు రోజుల్లో ఉంది. "ఆయ్, రాయండి" అని, భూమిని సర్కారుకు ధారపోస్తూ నిశానీ గీసింది.

పోలిరాజు పడవ వచ్చేసరికి తోపు ముందు దొరగారి వేటస్థలమని రాసిన బల్ల పాతి ఉంది. పక్కన నూకరాజు అనే కాపలాదారు కర్ర పట్టుకుని నిలబడ్డాడు. పడవ ఖాళీగా తిరిగిపోయింది.

మార్గశిరంలో దొరగారు వేటకు బయలుదేరారు. (ఆయన పేరు పలకడం ఎవరి వల్లా కాలేదు కనక ఇక్కడ రాయడం లేదు.) దొరగారు వచ్చే ముందు అందరూ తప్పుకోవాలని దండోరా వేయించడం నిబంధన. నిబంధనలో అందరూ అని ఉంది కదా అని వీరాయమ్మ ఆ సంగతి కొంగలకు కూడా తెలియజేసింది. తెల్లారగానే ఇత్తడి పళ్ళెం తీసుకుని తోపులోకి వెళ్ళి, చెయ్యి నొప్పెట్టే దాకా వాయించింది. కొంగలన్నీ లేచి నర్సాపురం వైపు వెళ్ళిపోయాయి.

దొరగారు మోకాలి లోతు బురదలో, దోమల మధ్య, సాయంత్రం దాకా తుపాకీ ఎత్తిపట్టుకుని నిలబడ్డారు.

"పొద్దున ఏదో మోగిందట, ఏమిటది?" అని కచేరీ వారు నూకరాజును విచారించారు. నూకరాజు తల్లి ఆ పదకొండు మందిలో ఒకతె.

"గాలండీ" అన్నాడతను.

పక్షులు లేవు కనక రక్షణ చాలలేదని నివేదిక వెళ్ళింది. మరో ఇద్దరు కాపలాదారులు వచ్చారు. మరుసటి ఏడు కూడా గాలి మోగింది. తోపు చుట్టూ కందకం తవ్వారు. కాపలాదారులు తొమ్మిది మందయ్యారు. మూడో ఏడూ గాలి ఆగకపోయేసరికి, చుట్టుపక్కల అరకోసు దూరం లోపల మనుషులు ఉండరాదని ఉత్తర్వు వచ్చింది. ఆ దూరంలో ఉన్న గుడిసె ఒక్కటే, వీరాయమ్మది. దాన్ని పీకించే పని నూకరాజుకు పడింది.

"నన్నేం చెయ్యమంటావు పిన్నీ" అన్నాడు, తాటాకులు ఒక్కొక్కటే దించుతూ.

"మెల్లిగా దించరా, మళ్ళీ కప్పుకోవాలి" అంది ఆమె. కుండలు మోసుకుని, ఒక్క చెట్టూ లేని ఇసకదిబ్బ మీదికి మారింది. ఆ తరువాత మళ్ళీ కచేరీకి వెళ్ళి, ఉప్పెన వస్తే తోపులోకి పోనిస్తారా అని అడిగింది. పదిహేను రోజుల ముందు అర్జీ పెట్టుకోవాలని పంతులు చెప్పాడు. చెబుతున్నప్పుడు ఆమె ముఖం వంక చూడలేదు.

నాలుగో ఏడు దొరగారికి బదిలీ అయింది. తోపులో ఒక్క చెట్టూ పడలేదు, గూళ్ళు రెట్టింపయ్యాయి. పైకచేరీ సంతోషించి, పక్షి సంరక్షణలో చూపిన దయకు దొరగారికి శాలువా కప్పింది. మూడేళ్ళలో ఆయన తుపాకీకి ఒక్క కొంగ కూడా బలికాలేదని ప్రశంసాపత్రంలో ప్రత్యేకంగా రాశారు.