నా తుంటి చేసుకున్న అదృష్టం

మాజీ సైనికుడికి ప్రభుత్వం చేయగల అతి పెద్ద మేలు, అతని అర్జీని తిరస్కరించడం! నవ్వకండి. నాకు ఇప్పటికి రెండుసార్లు ఆ మేలు జరిగింది.

సైన్యంలో ఉండగా ట్రక్కు మీద నుంచి దూకి కుడి మోకాలి చిప్ప పగలగొట్టుకున్నాను. "ఇది మా మోకాలే" అని పింఛనాఫీసు ఒప్పుకుంది. ఆ కాలిని కాపాడుకుంటూ ఏళ్ల తరబడి కుంటుతూ నడిచేసరికి ఎడమ తుంటి అరిగిపోయింది. మోకాలు మీదైతే దాని వల్ల పోయిన తుంటి కూడా మీదే కదా, ఆపరేషన్ చేయించండి, లేకపోతే మంచాన పడతానని అర్జీ పెట్టాను. "తుంటికీ మాకూ సంబంధం లేదు" అన్నారు.

ఎంత జ్ఞానం! ఇన్నాళ్లూ నా ఒళ్లంతా ఒకటేనని భ్రమపడ్డ మూర్ఖుణ్ణి. మోకాలికీ తుంటికీ ముఖపరిచయం కూడా లేదని నాకు ఇంకెవరు చెబుతారు?

పైగా వ్యాయామం! అప్పీళ్ల సెక్షన్ మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు ఉంది కానీ అది ఫైళ్లకు మాత్రమే. మేం కుంటివాళ్లం మెట్లెక్కి వెళ్తాం, మా ఫైళ్లు హాయిగా లిఫ్టులో వస్తాయి. పైకి చేరేసరికి నొప్పి కూడా తాజాగా ఉంటుంది. అప్పీలుకు వెళ్లేవాడికి ఇంతకన్నా సౌకర్యం ఏం కావాలి?

మొదటి అప్పీలు మాత్రం నా తెలివి వల్లే పోయింది. పరీక్ష చేసే డాక్టరు యూనిఫామ్‌లో వచ్చాడు. భుజం మీద నక్షత్రాలు కనబడగానే చేతికర్ర మూలన పడేసి అటెన్షన్‌లో నిలబడ్డాను.

"ఎలా ఉందయ్యా తుంటి?"

"ఫస్ట్ క్లాస్ సార్!"

ఆయన అదే రాసుకున్నాడు. పాపం, ఆయన తప్పేముంది?

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ తల పట్టుకుంది. "ఇంట్లో సాక్సు కూడా నేనే తొడగాలి. అక్కడ మాత్రం ఫస్ట్ క్లాసా? ఈసారి నేనొస్తా. మీరు నోరెత్తారో, ఊరుకోను!"

రెండో అప్పీలుకు అన్నట్టే వచ్చింది. నా సాక్సుల దగ్గర్నుంచి మూలుగుల దాకా అప్పీళ్ల బోర్డు ముగ్గురు మెంబర్ల ముందు ఏకరువు పెట్టింది. వాళ్లలో పెద్దాయన నా వైపు తిరిగి, "ఏమండీ, నిజమేనా? నొప్పిగా ఉందా?" అని అడిగాడు.

నాకు సిగ్గేసింది. పైవాళ్ల ముందు నొప్పి అనే మాట అనకూడదని సైన్యంలో నేర్పింది ఈ ప్రభుత్వం వాళ్లే కదా! అన్నవాణ్ణి గ్రౌండు చుట్టూ పరుగెత్తించారు, అననివాడి భుజం తట్టారు. ఆ పాఠం బాగా వంటబట్టినందుకే ఇవాళ తుంటి పోగొట్టుకుంటున్నాను. "ఉంది సార్" అన్నాను ఎలాగో. అంతమాత్రానికే కళ్లలో నీళ్లు తిరిగాయి.

పెద్దాయన జాలిగా చూశాడు.

"కళ్లు కూడానా? ఈ అప్పీల్లో తుంటి ఒక్కటే ఉందండీ. కళ్లకు వేరే అర్జీ పెట్టుకోండి."