మంత్రిగారి భోజనం మీద ప్రజాభిప్రాయం

ఆ రోజు పొద్దున మంత్రిగారి భార్య వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆదివారం మధ్యాహ్నం మొగుణ్ణి ఇంట్లో కూర్చోబెట్టి, ఎదురుగా తనూ కూర్చుని, ఒక్క పూట కలిసి భోంచెయ్యాలి. అంతే. పదవి వచ్చి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో ఆయన ఆ ఇంట్లో పన్నెండుమంది పట్టే బల్ల ముందు మధ్యాహ్నం పూట కూర్చున్న పాపాన పోలేదు. ఆవిడ ఒక్కతే దానికో మూల కూర్చుని, తిన్నాననిపించి, కంచం తీసేస్తుంది. కాసేపు కబుర్లాడదామంటే పనిమనిషి మూడింటికల్లా వెళ్ళిపోతుంది. ఆ తరువాత ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప మరేమీ వినిపించదు.

అడగడానికి వీలైన సమయం పొద్దున ఏడు నుంచి ఎనిమిది వరకే. కాకపోతే ఆ గంట శాతాలయ్యది. అసలు పేరేమిటో ఎవరికీ గుర్తు లేదు. పత్రికలు, రేడియో, టీవీ జల్లెడ పట్టి, మంత్రిగారి గురించి ఎవరేమన్నారో లెక్కగట్టి, ప్రజల మనసులో ఏముందో శాతాల్లో చెప్పడం అతని ఉద్యోగం. పొగడ్తకు ఆకుపచ్చ గీత, తిట్టుకు ఎర్ర గీత, ఎటూ కానిదానికి పసుపు. ఆ ఫైలు తెరిస్తే చాలు, మంత్రిగారు డాక్టరు ముందు కూర్చున్న రోగిలా ఊపిరి బిగబట్టి వింటారు.

"ఏమండీ, ఈ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో భోంచేద్దామండీ" అందావిడ.

"ఊఁ" అన్నారు మంత్రిగారు, ఆకుపచ్చ గీత పడిన ఉత్తరం మీద నుంచి చూపు తిప్పకుండా.

"ఊఁ అంటే వస్తారనా, రారనా?"

మంత్రిగారు తలెత్తి శాతాలయ్య వైపు చూశారు. అతను కాగితాలన్నీ తిరగేసి, "ఆదివారం భోజనం మీద ప్రజల్లో ఏ అభిప్రాయమూ లేదు సార్" అన్నాడు.

"విన్నావుగా" అని మంత్రిగారు లేచి కారెక్కారు.

ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. కట్టుకున్నదాని మాట చెవికెక్కదు గానీ, ఊరూ పేరూ లేనివాడెవడో పత్రికకు రాస్తే రంగు పెన్సిలుతో గీత గీయించుకుని మరీ చదువుతారన్నమాట. సరే, అలాగే కానీ అనుకుంది. మధ్యాహ్నం అదే బల్ల మీద కాగితం పెట్టుకుని 'పాఠకుల మాట' శీర్షికకు ఉత్తరం రాసింది. "మన మంత్రిగారు ఆదివారమైనా ఇంట్లో భోంచేస్తే బాగుంటుంది. ఇంట్లో మనిషి గోడు విననివారు మన గోడు ఏం వింటారు?" కింద 'ఒక గృహిణి' అని పెట్టింది. అందులో అబద్ధమేమీ లేదు కదా.

మూడోనాడు అది అచ్చయింది.

"సార్, కొత్త అంశం తలెత్తింది. కుటుంబం. ఎర్ర గీత" అన్నాడు శాతాలయ్య.

"ఒక్క ఉత్తరానికేనా ఇంత హడావిడి?"

"ఒకరు రాశారంటే, అదే మాట అనుకుంటూ బద్ధకించి రాయనివాళ్ళు నాలుగు వందలమంది ఉంటారు సార్. మా లెక్క అది."

కాఫీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ఆవిడ ఆ అంకె విని ఆగిపోయింది. ఇంట్లో ఒంటరి మనిషి, పత్రికలో నాలుగు వందలమంది. చాలాకాలం తరువాత ఆవిడకు చుట్టూ సందడిగా అనిపించింది. ఆ వారంలోనే 'విశ్రాంత ఉపాధ్యాయుడు', 'ముగ్గురు బిడ్డల తల్లి' అన్న పేర్లతో మరో రెండు ఉత్తరాలు పడేసింది. ఆవిడకు బిడ్డలు లేరు. ఆ ఉత్తరం రాస్తూ ముగ్గురికీ పేర్లు కూడా పెట్టుకుంది.

ఒకే విషయం మీద మూడు ఉత్తరాలొచ్చేసరికి పత్రిక సంపాదకుడు ఇందులో ఏదో ఉందనుకుని సంపాదకీయం రాశాడు. అది చూసి టీవీవాళ్ళు నలుగురు నిపుణులను కూర్చోబెట్టి, మంత్రి ఇంట్లో పొయ్యి వెలుగుతోందా లేదా అని గంటసేపు అరిపించారు. ప్రతిపక్ష నాయకుడు మాత్రం ఊరుకుంటాడా? "భార్య చేతి వంటనే నమ్మని మనిషి" అనేశాడు. శాతాలయ్య వీటన్నింటినీ కత్తిరించి, ఒక్కోదాన్నీ విడిగా లెక్కపెట్టి, కూడి తెచ్చాడు.

"అరవై రెండు శాతం వ్యతిరేకత సార్. రోడ్ల గొడవప్పుడు కూడా ఇంత ఎరుపు చూడలేదు."

"అయితే ఆదివారం భోజనం ఇంట్లోనే" అన్నారు మంత్రిగారు.

ఆవిడ కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆదివారం పెందలాడే లేచి, వంటమనిషిని పక్కకు తప్పించి, ఆయనకిష్టమైనవన్నీ తన చేత్తోనే వండింది. చెప్పాల్సిన కబుర్లు మనసులో వరస పెట్టుకుంది. పన్నెండున్నరకు మంత్రిగారు వచ్చారు. వెనకే పద్నాలుగు కెమెరాలు, వాటిని మోసేవాళ్ళూ, పార్టీ మనుషులు ఓ ముప్పైమందీ వచ్చారు.

"మేడమ్, ఆ గరిటె ఇంకొంచెం పైకెత్తండి" అన్నాడో కెమెరా మనిషి. "సార్, మేడమ్‌ని చూసి నవ్వండి. అటు కాదు సార్, మేడమ్ ఇటున్నారు."

ఐదుసార్లు వడ్డించింది. ఐదోసారికి అన్నం చల్లారిపోయింది. మైకు రాగానే మంత్రిగారు ఆవిడ వైపు వంగి, "ఆరోగ్యం బాగుంటోందా?" అని ఆప్యాయంగా అడిగారు. ఆవిడ నోరు తెరిచేలోగా "వచ్చేసింది సార్, చాలు" అని మైకు తీసేశారు. మైకుతో పాటే ఆయనా లేచారు. అందరూ వెళ్ళాక ఆవిడ ఆ బల్ల ముందు కూర్చుని, చూసేవాళ్ళెవరూ లేరు కదా అని, కరువు తీరా ఏడ్చింది.

మర్నాడు ఆ కోపంలోనే నాలుగో ఉత్తరం. "మంత్రిగారి భోజనం ఫోటోలు చూడలేక చస్తున్నాం. తలుపు వేసుకుని తినమనండి." ఈసారి 'పక్కింటావిడ' అని పెట్టింది.

"సార్, గాలి తిరిగింది. ఫోటోల్లో మేడమ్ జనానికి నచ్చలేదు" అని అది అచ్చవగానే తేల్చేశాడు శాతాలయ్య.

ఆ రోజు మంత్రిగారు ఎన్నడూ లేనిది వంటింట్లోకి వచ్చారు. ఆవిడ మొహం విప్పారింది. ఆయన మెల్లగా, నొప్పించకుండానే చెప్పారు. "జనం నిన్ను చూసి విసిగిపోయారట. ఓ రెండు నెలలు మీ అక్కయ్య వాళ్ళింట్లో ఉండి రారాదూ?"

ఒక్క పూట భోజనం కోసం మొదలుపెడితే ఉన్న గూడే పోయేలా ఉంది. ఆవిడ పొయ్యి ఆర్పి, ఆయన వెంటే శాతాలయ్య ఉన్న హాల్లోకి నడిచింది.

"ఆ జనం నేనేనండీ. నాలుగు ఉత్తరాలూ నేనే రాశాను."

మంత్రిగారు నోరు వెళ్ళబెట్టారు. "మరి అరవై రెండు శాతం?"

"లెక్క తప్పు కాదు సార్" అన్నాడు శాతాలయ్య గాభరాగా. "సంపాదకుడు మేడమ్ ఉత్తరాలు చూసి రాశాడు, టీవీవాళ్ళు సంపాదకుణ్ణి చూసి అరిచారు. వచ్చినవి వచ్చినట్టే లెక్కపెట్టాను."

"పోనీలే" అన్నారు మంత్రిగారు, కాస్త తేరుకుని. "తిట్టింది ఇంటిమనిషే అయితే మంచిదే. ఆకుపచ్చవి ఉన్నాయి కదా. ఆ నర్సమ్మ, ఆ రైలు డ్రైవరు, వారం వారం నా గురించి ఎంత బాగా రాస్తారు."

శాతాలయ్య ఆకుపచ్చ గీతల కాగితాలన్నీ ఫైల్లోంచి తీసి మంత్రిగారి ముందు పెట్టాడు.

"ఇవెందుకయ్యా ఇప్పుడు?"

"అవి నేను రాసినవి సార్. మొదట్లో ఎరుపు చూసినప్పుడల్లా మీరు రోజంతా మొహం వేలాడేసుకునేవారు. చూడలేకపోయాను. సాయంత్రం గదికి వెళ్తే నాకూ పలకరించే దిక్కు లేదు. నర్సమ్మలా రాసుకుంటుంటే కాస్త పొద్దుపోయేది."

"మరి రోడ్ల గురించి రాసేవాళ్ళు?"

"రాసి రాసి మానేశారు సార్. రెండేళ్ళయింది."

"అంటే ఇప్పుడు బయట నా గురించి ఎవరూ ఏమీ అనుకోవడం లేదా?"

శాతాలయ్య ఫైలు మూసి, చెప్పులేసుకుని, చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయాడు. మంత్రిగారు లేవలేదు. తిట్లు తినడం ఆయనకు అలవాటే. ఎవరికీ పట్టకపోవడం కొత్త. కారు తిప్పి పంపించేసి, ఒంటిగంట దాకా ఆ కుర్చీలోనే ఉండిపోయారు. అది ఆదివారం కూడా కాదు. ఒంటిగంటకు ఎవరూ పిలవకుండానే వచ్చి బల్ల దగ్గర, ఆవిడకు సరిగ్గా ఎదురుగా కూర్చున్నారు.

ఆవిడ వడ్డించింది. మూడేళ్ళుగా పోగేసుకున్న కబుర్లలో ఒక్కటీ నోటికి రాలేదు. మంత్రిగారు రెండు ముద్దలు తిని, తలెత్తి, మెల్లగా అడిగారు.

"పోనీ, నా గురించి నువ్వేమనుకుంటున్నావు?"

ఎదురుగా ఉన్న మనిషి మొహంలోకి చూసి చెప్పే అలవాటు ఆవిడకు ఎప్పుడో తప్పిపోయింది.

"రాసి పంపిస్తానండీ" అంది.