ఫైలు తెరుచుకోకపోతేనే మేలు

ఫోటోలు దిద్దే ప్రోగ్రాములో ఫైలు తెరుచుకోకపోవడాన్ని మించిన వరం మనిషికి మరొకటి లేదు. నవ్వకండి. నెల రోజులు అనుభవించి చెబుతున్నాను.

మా బావ, అంటే మా అక్క మొగుడు, ఈమధ్య ఫోటో ఎడిటింగ్ నేర్చుకున్నాడు. నేర్చుకున్నది వారం రోజులు, చెప్పుకున్నది ఆరు నెలలు. ఆయన చేతిలో పడి తెల్లబడని బంధువు లేడు, సన్నబడని పిన్ని లేదు. అలాంటి మహానుభావుడికి మా అమ్మ ఒక పని అప్పజెప్పింది. వాళ్ళ నాన్న, అంటే మా తాతయ్య, జన్మలో ఒక్కటే ఫోటో దిగాడు. అరచేతిలో పట్టే ఆ కాగితం చెమ్మకి పాడైపోతుంటే స్కాన్ చేయించాం. తర్వాత కాగితం పొడిపొడి అయిపోయింది. ఇక మిగిలింది ఆ ఫైలొక్కటే.

"అల్లుడుగారూ, కాస్త పెద్దది చేసివ్వండి చాలు. గోడకి పెట్టుకుంటాను. నా కళ్ళకి ఆనడం లేదు" అంది అమ్మ.

బావ ఫైలు నొక్కాడు. 'ఈ ఫైలును తెరవలేము' అంది ప్రోగ్రాము.

ఎంత సంస్కారం చూడండి! తనకు చేతకాదని ఇంత సూటిగా ఒప్పుకునే మనిషిని మీరెక్కడైనా చూశారా? మా ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా వెతుకుతున్నాను, ఇంతవరకూ ఒక్కరూ తగల్లేదు.

బావ ఊరుకుంటాడా? కోపం కొద్దీ పాతికసార్లు నొక్కాడు. ప్రోగ్రాము కాసేపు ఆలోచించి, పాతికసార్లూ అదే మాట ఓపిగ్గా చెప్పింది. నేనైతే మూడోసారికే కొట్టేవాణ్ణి.

ఆ నెల రోజులూ మా కుటుంబానికి స్వర్ణయుగం! బావ ఇంట్లోవాళ్ళను కసురుకోవడం మానేసి కంప్యూటరును కసురుకున్నాడు. మా అక్క చేతికి మొదటిసారి టీవీ రిమోట్ దొరికింది. పిన్నులందరూ ఎవరి కొలతల్లో వాళ్ళు హాయిగా తిరిగారు. అమ్మ రోజూ వచ్చి "తెరుచుకుందా?" అని అడిగేది. ఎలాగూ తెరుచుకోలేదు కాబట్టి కూర్చుని తాతయ్య కబుర్లు చెప్పేది. ఆయన వీధి మలుపు తిరిగితే ముందు ముక్కు వచ్చేదట, ఆ వెనకాల మనిషి వచ్చేవాడట. కోపం వస్తే మొదట ఎర్రబడేదీ ఆ ముక్కేనట.

ఇన్ని లాభాలుండగా ఎవరో కంప్యూటరు మెకానిక్కును పిలిచారు. అతగాడు ఏం చేశాడో ఏమో, ఫైలు తెరుచుకుంది. మా కొంప మునిగింది.

పావుగంటలో తాతయ్య నుదుటి మడతలు పోయాయి. బట్టతల మీద జుట్టు మొలిచింది. ముక్కు సగానికి సగం తరిగిపోయింది. బావ 'సేవ్' నొక్కేశాడు. ఆయనకో సిద్ధాంతం ఉంది లెండి, ఒక ఫోటోకి రెండు కాపీలుంటే కంప్యూటరు బరువెక్కుతుందట. అందుకని అసలు ఫోటోను, స్కాన్ చేసినవాళ్ళిచ్చిన పెన్‌డ్రైవులోదానితో సహా, వెతికి మరీ తుడిచేశాడు.

ఫ్రేము కట్టించి తెచ్చాం. అమ్మ దాని ముందు చాలాసేపు నిలబడింది.

"ఎవర్రా ఈయన?"

"తాతయ్యేనమ్మా."

"మా నాన్న ఇంత అందగాడైతే మా అమ్మ అన్నేళ్ళు ఎందుకు సణిగిందిరా?" అంది. నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు.

అందరూ బావని ఆడిపోసుకున్నారు. పాపం, తిట్లన్నీ ఆయనొక్కడే మోశాడు. మీరు బయటివాళ్ళు కాబట్టి మీకు నిజం చెప్పేస్తాను. ఆ పావుగంటా ఆయన పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నది నేను. "ముక్కు ఇంకాస్త తగ్గించు బావా, ఇంకాస్త" అన్నదీ నేనే. ఆ ముక్కు నాకూ వచ్చింది. బడిలో దానివల్ల పడ్డ మాటలు నాకింకా గుర్తున్నాయి. మూలంలోనే కోసేస్తే పీడ వదులుతుందనుకున్నాను, సిగ్గులేకుండా.

ఫ్రేము అటకెక్కింది. ఇప్పుడు రోజూ సాయంత్రం అమ్మ నన్ను కిటికీ దగ్గర కూర్చోబెడుతుంది. గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురు వైపు తిప్పుతుంది.

"కదలకురా కాసేపు. మా నాన్నని చూసుకోనీ."